మా బాబుకు టీసీ ఇస్తామంటున్నారు: గట్టి ప్రత్యేక విద్యా చట్టం కోసం తల్లిదండ్రులు ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. బాబుకు ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. గుంటూరులో ప్రైవేటు బడి, రెండో తరగతి. "మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, టీసీ తీసుకుంటే మీకే మంచిది" అన్నారు. డాలస్‌లో ఉన్న మీ అక్కగారి అబ్బాయికి మాత్రం బడివాళ్లే ఏటా తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని ఐఈపీ, అంటే ఆ పిల్లవాడి కోసం విడిగా వేసిన చదువు ప్రణాళిక, రాసి చేతికిస్తారు. అలాంటి గట్టి చట్టం మనకూ రావాలంటే ఎవరిని పట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. పార్లమెంటు దగ్గర మొదలుపెట్టకండి. రాష్ట్ర నియమాల దగ్గర, జీవోల దగ్గర, టీచర్ పోస్టుల మంజూరు దగ్గర మొదలుపెట్టండి. పది పదిహేను కుటుంబాలు కలవండి. ఒక విద్యా సంవత్సరం పాటు తేదీలతో సహా రుజువులు పోగుచేయండి. మీకు కావలసిన నిబంధన ఏ సెక్షన్ కింద, ఏ వాక్యంగా ఉండాలో మీరే రాసుకుని వెళ్లండి. చట్టం మనకు ఉంది. అది బడి గేటు దాకా రావడం లేదు.

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు, మేధో వైకల్యం ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా కార్యాలయాల్లో ఫైళ్లు నడిపి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. అర్జీ పట్టుకుని నిలబడ్డాను, అర్జీలు తీసుకునే కుర్చీలోనూ కూర్చున్నాను.

ముందు టీసీ సంగతి. ఎక్కడా సంతకం పెట్టకండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం బడిలో చేరిన పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తీసేయడానికి వీల్లేదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపవచ్చన్నారు కానీ, తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. అందుకే బడివాళ్లు ఎప్పుడూ "తీసేస్తాం" అనరు, "మీరే తీసుకెళ్లండి" అంటారు. టీసీ కోసం మీరు అర్జీ పెట్టుకున్న క్షణాన అది మీ ఇష్టంతో జరిగిన పని అయిపోతుంది. మైనారిటీ యాజమాన్యంలోని బడులకు మాత్రం 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఈ చట్టం వర్తించదు. మీ బడి ఆ కోవలోదేమో చూసుకోండి. అయినా కింద చెప్పబోయే వికలాంగుల హక్కుల చట్టం ఎటూ వర్తిస్తుంది.

మా అబ్బాయి రెండో తరగతిలో ఉండగా మాకూ ఇదే మాట ఎదురైంది. ప్రధానోపాధ్యాయురాలు మంచి మనిషే, టీ కూడా ఇప్పించారు. "మిగతా తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారండీ" అన్నారు. నేను సంచిలోంచి తెల్లకాగితం తీసి, "ఈ మాటే ఇందులో రాసి, ముద్ర వేసి ఇవ్వండి మేడం" అన్నాను. ఆవిడ కాగితం వైపు చూశారు. పెన్ను మూత తీశారు, మళ్లీ పెట్టేశారు. "సరే లెండి, ఈ ఏడాది చూద్దాం" అన్నారు. ఆ ఏడాది గడిచింది, తర్వాత రెండేళ్లూ అక్కడే గడిచాయి. మీరు కూడా ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం పేరు లేదు, డిస్లెక్సియా వంటివీ లేవు. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. దాని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థ మీదా బాధ్యత పెడుతుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలి, ఒక్కొక్కరికి కావలసిన సాయం విడిగా అందించాలి, ప్రగతిని గమనిస్తూ ఉండాలి. ఈ సెక్షన్ మీ సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం ఉందని అడగదు. ఉచిత విద్య గురించి చెప్పే 31వ సెక్షన్ అడుగుతుంది. దానికి 40 శాతం ఉండాలి, వయసు 6 నుంచి 18. ఈ రెండింటినీ కలిపేసి "మీ వాడికి 35 శాతమే, మాకు సంబంధం లేదు" అనే అధికారులు ఇప్పటికీ ఉన్నారు. సెక్షన్ ప్రతిని ముద్రించి జేబులో పెట్టుకుంటే ఆ మాట మళ్లీ రాదు.

మరి అక్కగారి దగ్గర ఉన్నది, మన దగ్గర లేనిది ఏమిటి? మన చట్టం "సాయం అందించాలి" అని ఊరుకుంది. ఆ సాయం ఏమిటో ఎవరు రాయాలి? ఎన్ని రోజుల్లో రాయాలి? తల్లిదండ్రుల సంతకం ఉండాలా? రాసింది చేయకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆయన ఎన్ని రోజుల్లో తేల్చాలి? ఈ ఐదింటికీ అందులో సరైన జవాబు లేదు. అమెరికాలో 1975 నాటి చట్టం, దాని కింద వచ్చిన నియమాలు, తర్వాతి సవరణలు ఈ ఐదింటినీ కాగితం మీద పెట్టాయి. అక్కడా అది ఊరికే ఊడిపడలేదు. పెన్సిల్వేనియాలో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం తల్లిదండ్రులు పెట్టుకున్న సంఘం 1971లో రాష్ట్రం మీద కోర్టుకు వెళ్లి మరుసటి ఏడాది రాజీ డిక్రీ తెచ్చుకుంది. దేశమంతటికీ చట్టం రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. అదనపు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం భరిస్తుందని ఆనాడు చెప్పిన మాట మాత్రం ఈనాటికీ పూర్తిగా నెరవేరలేదు. అక్కగారిని అడగండి, ఆవిడకూ ఐఈపీ సమావేశాల్లో వాదన తప్పి ఉండదు.

ఆ ఐదు ప్రశ్నలకు జవాబు రాయదగిన చోటు మన దగ్గర రాష్ట్ర నియమాలు. 2016 చట్టం 101వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి నియమాలు చేసే అధికారం ఇచ్చింది, ముసాయిదాను ముందుగా ప్రచురించాలన్న షరతు మీద. అంటే అభ్యంతరం చెప్పడానికి, ఒక వాక్యం చేర్చమని అడగడానికి మీకు సందు ఉంది. నియమాలు వచ్చేశాక కూడా సవరణ అడగవచ్చు. పార్లమెంటులో ఒక సెక్షన్ మారడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది దగ్గరి దారి.

నియమాల స్థాయిలో మనం కునుకు తీస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో, ఎంతమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలో ప్రమాణాలు నిర్ణయించమని కేంద్రాన్ని ఆదేశించింది. అప్పటిదాకా తాత్కాలికంగా ఒక లెక్క చెప్పింది: సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు 8 మందికి ఒకరు, ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం ఉంటే 5 గురికి ఒకరు, బహుళ వైకల్యాలుంటే ఇద్దరికి ఒకరు. ఏడాది తర్వాత, 2022 సెప్టెంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు అయింది. 5 ఉన్నచోట 10 ఎలా అయిందని మన ఊళ్లలో అడిగిన తల్లిదండ్రులు ఎంతమంది? ఆ ఏడాది నేను అడగలేదు. నోటిఫికేషన్ వచ్చాక చదివాను. ఆ సిగ్గు ఇంకా ఉంది.

అయితే ఆ కేసు వృథా పోలేదు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రమూ ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను గడువు పెట్టుకుని మంజూరు చేయాలంది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 పోస్టులు మంజూరు చేసింది: 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. అంతకు ముందే తెలంగాణ 2024 డీఎస్సీలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ ప్రత్యేక విద్యా పోస్టులు పెట్టింది. ఇక్కడ గమనించాల్సింది, ఆ కేసు వేసింది తల్లిదండ్రులు కాదు, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు. మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం నడిపే ఐఈఆర్‌పీ, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయుల మీద మనవాళ్లు విసుక్కుంటారు, వారానికి ఒక్కసారే వస్తారని. ఆ మనిషి చాలా చోట్ల ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద, మండలంలోని బడులన్నీ తిరుగుతూ పనిచేస్తున్నారు. వాళ్లను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారో, ఎవరికి సాయం అందడం లేదో వాళ్ల కన్నా తెలిసినవాళ్లు లేరు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. ఇది పుస్తకంలో దొరకదు.

నేను పెట్టిన మొదటి అర్జీ పదకొండు పేజీలు. మా ఆవిడ ఏడుస్తూ చెప్పినవన్నీ రాశాను. మూడు నెలల తర్వాత ఆ సెక్షన్‌లో నాకు తెలిసిన అసిస్టెంటు ఫైలు తీసి చూపించాడు. నోట్‌లో ఒకే వాక్యం: తండ్రి తన బాధ చెప్పుకున్నారు, నిర్దిష్టమైన కోరిక లేదు. దాని మీద "ఎల్.డిస్" అని కొట్టేశారు. మా కార్యాలయ భాషలో ఎల్.డిస్ అంటే ఏడాది ఉంచి చించేసే కాగితాల కట్ట. నాకు కోపం రాలేదు. అతని కుర్చీలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. ఆ పదకొండు పేజీల్లో అధికారి ఏ కాగితం మీద సంతకం పెట్టాలో ఎక్కడా లేదు మరి.

రెండోసారి ఒక్క పేజీ. పైన విషయం ఒక వాక్యం, తర్వాత సెక్షన్ నంబరు, తర్వాత మూడు సంఘటనలు తేదీలతో, చివర "కావున ఈ కింది విధంగా మెమో జారీ చేయగోరుతున్నాము" అని రాసి, ఆ మెమోలో ఉండాల్సిన వాక్యాన్నే కింద రాశాం. అధికారి పని సగం మీరే చేసి పెడితే ఫైలు కదులుతుంది. అర్జీ ఇచ్చి వచ్చేయకండి. తపాలు సెక్షన్‌లో మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే మీ అర్జీ పుట్టనట్టే లెక్క. సోమవారం కలెక్టరేట్‌లో, మీ దగ్గర ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో, ఇచ్చినా రసీదు తీసుకోండి.

ఆ మూడు సంఘటనలు ఎక్కడినుంచి వచ్చాయంటారా? మా పద్నాలుగు కుటుంబాలు తలా ఒక స్కూలు నోటుపుస్తకం పెట్టుకున్నాం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ బడిలో, ఎవరు, సరిగ్గా ఏ మాట అన్నారు. అంతే, మన వ్యాఖ్యానం ఒక్క ముక్క రాయకూడదు. జూన్‌లో మొదలుపెట్టి ఏప్రిల్‌కు చూసుకుంటే ఒకే మాట పద్నాలుగు పుస్తకాల్లో తొమ్మిదింటిలో ఉంది: "సీట్లు అయిపోయాయి." పక్కింటి పిల్లలకు మాత్రం అదే వారంలో సీట్లు దొరికాయి. ఆ పుస్తకాల నకళ్లు బల్ల మీద పెట్టాక మరో రెండు నెలలకు జిల్లా విద్యాశాఖ నుంచి మెమో వచ్చింది, చేర్చుకోకపోతే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని. చిన్న మెమో, నాలుగు వాక్యాలు. ఆ జూన్‌లో మాలో ఎవరికీ "సీట్లు అయిపోయాయి" అన్న మాట వినపడలేదు.

అంకెల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఎందుకు చేయడం లేదు" అని అడగకండి, దానికి వాళ్లు జవాబివ్వనక్కర్లేదు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలు ఎంతమంది నమోదయ్యారు, మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎంతమంది, భవిత కేంద్రానికి గత ఏడాది ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అని అడగండి. కాగితం మీద ఉన్నదాన్నే అడగాలి.

చట్టసభ వైపు వెళ్లేటప్పుడు మనవాళ్లంతా ఎమ్మెల్యే దగ్గరికి పరుగెత్తుతారు. వెళ్లండి, తప్పులేదు. కానీ శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి వచ్చిన ఎమ్మెల్సీలను మరచిపోకండి. రెండు రాష్ట్రాల్లోనూ మండలి ఉంది. వాళ్లను ఎన్నుకునేది టీచర్లు, వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో తల్లిదండ్రులు అరుదు. మేం ఒకాయన ఇంటికి ఉదయం ఏడింటికి వెళ్లాం. ఆయన పేపరు చదువుతూ "మీ సమస్య చెప్పండి" అన్నారు. మా సంఘం అధ్యక్షురాలు ఏమీ చెప్పకుండా సగం పేజీ కాగితం ఇచ్చింది. అందులో ఒక ప్రశ్న, సభలో అడిగే పద్ధతిలోనే, (అ), (ఆ), (ఇ) అని విడగొట్టి రాసి ఉంది. ఆయన పేపరు పక్కన పెట్టి రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, "దీన్ని టైపు చేయించాల్సిన పని కూడా పెట్టలేదే" అన్నారు. సభలో ప్రశ్న వస్తే శాఖ లిఖిత జవాబు తయారుచేయాలి, దానికి జిల్లాల నుంచి లెక్కలు తెప్పించుకోవాలి. మీరు ఏడాదిగా అడుగుతున్న లెక్కలు అప్పుడు వారంలో బయటికి వస్తాయి.

రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. 2016 చట్టం ఆయనకు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. బలహీనత కూడా చెప్పాలి కదా, అది సిఫారసే. కాబట్టి కమిషనర్ ఉత్తర్వును గమ్యంగా చూడకండి, హైకోర్టుకు వెళ్లేటప్పుడు జతచేసే కాగితంగా చూడండి. కోర్టు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తికి, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది.

ఢిల్లీని పూర్తిగా వదిలేయమనడం లేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు, ప్రత్యేక రక్షణ అవసరమైన "ప్రతికూల పరిస్థితుల్లోని వర్గం" నిర్వచనంలో వైకల్యం ఉన్న పిల్లలు లేరు. దేశమంతటా సంఘాలు గట్టిగా అడిగితే 2010లో సవరణ బిల్లు వచ్చింది, 2012లో చట్టమైంది. ప్రైవేటు బడుల్లోని 25 శాతం సీట్లలో మన పిల్లలకు చోటు అలా దక్కింది. ఇంకొకటి, 2020 జులై మొదట్లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, 2016 చట్టంలోని శిక్షల సెక్షన్లను మెత్తబరిచే ప్రతిపాదన మీద కేంద్రం అభిప్రాయాలు అడిగింది. గడువు జులై 10. పది రోజులు కూడా లేదు. దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు, ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ నెలలోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. మా సంఘం నుంచి వెళ్లింది ఆరు వాక్యాలే. చట్టాన్ని కాపాడుకోవడం కూడా చట్టం తెచ్చుకోవడంలో భాగమే, దానికి శాఖ వెబ్‌సైటును వారానికోసారి చూసే మనిషి మీలో ఒకరు ఉండాలి.

ఒక హెచ్చరిక, మొహమాటం లేకుండా. సంఘం పెట్టిన ఆరు నెలలకు మీలో మీకే గొడవ వస్తుంది. చెవుడు ఉన్న పిల్లల తల్లిదండ్రులు సంజ్ఞా భాషలో చెప్పే ప్రత్యేక బడి కావాలంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి తల్లి మామూలు బడే కావాలంటుంది. డిస్లెక్సియా తల్లిదండ్రులకు మూడో భాష మినహాయింపు, పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం ముఖ్యం. అందరిదీ న్యాయమే. 2014 ఫిబ్రవరిలో కొత్త వికలాంగుల బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు, ఉన్నది ఉన్నట్టు రానివ్వండి అన్న సంఘాలు, ఇలాగైతే వద్దే వద్దు అన్న సంఘాలు రెండుగా చీలాయి. చట్టం రావడానికి 2016 డిసెంబరు అయింది. బిల్లు మెరుగైందనుకోండి, కానీ ఆ మధ్య దాదాపు మూడేళ్లు పిల్లలు పెరిగిపోయారు. మీరు మాత్రం ముందుగానే ఒక ఒప్పందం చేసుకోండి: బయట అడిగేది అందరికీ పనికొచ్చే ఒకే కోరిక. నన్నడిగితే అది ఇదీ: "చేరిన 45 రోజుల్లో పిల్లవాడి ప్రణాళిక రాతపూర్వకంగా తయారుచేసి, తల్లిదండ్రుల సంతకం తీసుకుని, ఒక ప్రతి ఇవ్వాలి." ప్రత్యేక బడికీ మామూలు బడికీ, చెవుడుకూ ఆటిజానికీ అన్నిటికీ సరిపోతుంది. 45 అన్నది నా లెక్క, మీరు 30 అడగండి, 60 దగ్గర తెగుతుంది.

ఇంకొక మాట, మీ ఒక్కరి పనీ సంఘం పనీ కలపకండి. బాబు టీసీ విషయం వేరే కాగితం, నియమాల సవరణ వేరే కాగితం. రెండూ ఒకే అర్జీలో పెడితే మీ వాడిని బడిలో ఉంచి రెండోదాన్ని పక్కన పడేస్తారు. నా పదకొండు పేజీలకు పట్టిన గతే దానికీ పడుతుంది.

బాబుకు యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవారికి ఇచ్చే గుర్తింపు కార్డు, వచ్చిందో లేదో మీరు రాయలేదు. రాకపోతే దానికి ఇవాళే దరఖాస్తు చేయండి, వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌కు అది అక్కర్లేకపోయినా మిగతా వాటికి కావాలి. తర్వాత బడికి ఒక్క పేజీ ఉత్తరం రాయండి: 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం మా వాడికి ఏం సాయం అందిస్తారో రాతపూర్వకంగా తెలపండి అని. చేతికిస్తే రసీదు ఇవ్వరు, స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. తర్వాతి కాగితం ముసాయిదా నేను దిద్ది ఇస్తాను.